ఫ్రెషర్‌కి ఏ జాబ్ సైట్ పనికొస్తుంది? ఎన్‌సీఎస్, నౌక్రీ, అప్నా, అమీర్‌పేట కోచింగ్ గురించి నా రివ్యూ

ముందే చెప్పేస్తాను. మొదటి ఉద్యోగం వెతుక్కునేవాళ్లు ఉద్యోగం ఇప్పిస్తామనేవాళ్లకి ఒక్క రూపాయి కూడా కట్టక్కర్లేదు. రిజిస్ట్రేషన్ ఫీజు, ఫైల్ చార్జీలు, లాప్‌టాప్ డిపాజిట్, యూనిఫాం డబ్బులు, పేరు ఏదైనా సరే కట్టొద్దు. నేను హైదరాబాద్‌లో ఒక కంపెనీలో హెచ్ఆర్‌లో చేస్తాను. మనుషుల్ని వెతుక్కోవడానికి జాబ్ సైట్లకి డబ్బు కట్టేది మా కంపెనీ, కన్సల్టెన్సీ ద్వారా ఎవరినైనా తీసుకుంటే కమిషన్ ఇచ్చేదీ మేమే. అంటే ఈ వ్యాపారంలో డబ్బు కంపెనీ జేబులోంచి రావాలి, ఉద్యోగం లేని పిల్లల జేబులోంచి కాదు. ప్రభుత్వ పరీక్షల అప్లికేషన్ ఫీజు వేరే సంగతి, అది నోటిఫికేషన్‌లోనే రాసి ఉంటుంది, అధికారిక సైటులోనే కడతాం. మిగతా ఎక్కడ డబ్బు అడిగినా అక్కడితో ఆ మాట ఆపేయండి.

మా పిన్ని కూతురు నరసరావుపేటలో బీకాం కంప్యూటర్స్ చేసింది. ఉద్యోగం చూసుకోవడానికి హైదరాబాద్ వచ్చి మా ఇంట్లోనే ఉంది. రోజూ ఆఫీసులో రిక్రూటర్‌గా చూసే సైట్లని ఈసారి అభ్యర్థి వైపు నుంచి, తన ఫోన్‌లోంచి చూశాను. రెండు వైపులా చూసినవాళ్లు తక్కువ కాబట్టి ఇది కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను. ఐటీ వాళ్ల కోసం సలహాలు ఎక్కడ చూసినా ఉన్నాయి, బీకాం, బీఏ, బీఎస్సీ చేసి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివాళ్ల కోసం ఇది.

మొదట ఎన్‌సీఎస్, అంటే నేషనల్ కెరీర్ సర్వీస్. కేంద్ర కార్మిక శాఖ 2015 జూలైలో మొదలుపెట్టింది. మన నాన్నల కాలంలో ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీలో పేరు రాయించుకుని కార్డు దాచుకునేవాళ్లు కదా, ఆ పనే ఇప్పుడు ఆన్‌లైన్‌లో జరుగుతోంది అనుకోండి. రిజిస్ట్రేషన్ ఉచితం, అప్లై చేయడం ఉచితం, కెరీర్ కౌన్సెలింగ్ కూడా ఉంది, జాబ్ మేళాల తేదీలు అందులోనే కనిపిస్తాయి. సందేహాలుంటే హెల్ప్‌లైన్ నంబరు 1514. డిగ్రీ ఫైనలియర్ పిల్లల్లో చాలామందికి దీని పేరే తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది, కాలేజీల్లో ఒక్క గంట క్లాసు పెట్టి అందరి చేతా రిజిస్టర్ చేయించొచ్చు. ప్రభుత్వ సైటు కాబట్టి ప్రైవేటు యాప్‌లాగా చకచకా కదులుతుందని ఆశించకండి, కంప్యూటర్ ముందు కూర్చుని తీరిగ్గా నింపండి. కొన్ని ఉద్యోగాల మీద నొక్కితే వేరే ప్రైవేటు సైటుకి తీసుకెళ్తుంది, అక్కడ మళ్లీ రిజిస్టర్ చేసుకోవాలి. ఇంకో సంగతి, ప్రభుత్వ పోర్టల్‌లో కనిపించింది కాబట్టి అది ప్రభుత్వ ఉద్యోగమని కాదు. ఎక్కువ భాగం ప్రైవేటు కంపెనీల ప్రకటనలే, వాటినీ మిగతావాటిలాగే విచారించుకోవాలి.

ఎన్‌సీఎస్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది ఉద్యోగాల జాబితా కాదు, టీసీఎస్ అయాన్ వాళ్లతో కలిసి ఇచ్చే కెరీర్ ఎడ్జ్ అనే కోర్సు. 15 రోజుల ఆన్‌లైన్ కోర్సు, ఉచితం. మన వీలు చూసుకుని చేసుకోవచ్చు. రెజ్యూమె రాయడం, గ్రూప్ డిస్కషన్, ఇంటర్వ్యూ, ఈమెయిల్ రాయడం, ఆఫీసు ఫోన్‌లో ఎలా మాట్లాడాలి, ఇవన్నీ చిన్న చిన్న పాఠాలుగా ఉంటాయి. అకౌంటింగ్ బేసిక్స్ మీద కూడా ఒక భాగం ఉంది, బీకాం పిల్లలకి మర్చిపోయినవి ఒకసారి గుర్తు చేసుకోవడానికి బాగుంటుంది. కోర్సు ఇంగ్లీషులో ఉంటుంది, తెలుగు మీడియంలో చదివినవాళ్లు మొదట్లో ఒక్కో వీడియో రెండుసార్లు చూడాల్సి రావచ్చు, చూడండి, ఆ శ్రమ వృథా కాదు. ఆఖర్న వచ్చే సర్టిఫికెట్ చూసి మేం ఎవరినీ తీసుకోం, ఉన్నమాట అది. కానీ ఆ కోర్సు పూర్తిచేసిన అమ్మాయి ఇంటర్వ్యూలో కూర్చునే తీరు వేరేగా ఉంటుంది, ఆ తేడా మాకు కనిపిస్తుంది.

తెలంగాణలో ఉన్నవాళ్లు డీట్ కూడా చూడాలి, రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన డిజిటల్ ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజ్ అది, దానికీ డబ్బు కట్టక్కర్లేదు. ఆంధ్రలో నైపుణ్యాభివృద్ధి సంస్థ, అదే ఏపీఎస్ఎస్‌డీసీ, జిల్లాల్లో జాబ్ మేళాలు పెడుతుంది. హైదరాబాద్‌లో ఉస్మానియా యూనివర్సిటీ ఆవరణలోని మోడల్ కెరీర్ సెంటర్ వాళ్లు కూడా మేళాలు పెడతారు. మేళాకి వెళ్లే ముందు ఏ కంపెనీలు వస్తున్నాయో, ఏ పోస్టులు ఉన్నాయో జాబితా చదవండి. ఫైనాన్షియల్ అడ్వైజర్ అని ఉంటే అది చాలాసార్లు ఇన్సూరెన్స్ పాలసీలు అమ్మే పని, జీతం ఉందా కమిషన్ మాత్రమేనా అని స్టాల్ దగ్గరే అడగండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఫైల్‌లో ఉంచుకోండి, చూపించండి, కానీ చేతికివ్వకండి. జిరాక్సులు ఎన్ని కావాలన్నా ఇవ్వొచ్చు, వాటి మీద ఏ కంపెనీ కోసం ఏ తేదీన ఇచ్చారో పెన్నుతో రాసి సంతకం పెట్టి మరీ ఇవ్వండి.

ఇక నౌక్రీ. 1997 నుంచి ఉన్న సైటు, నేను రోజూ పనిచేసేది దీని మీదే కాబట్టి లోపల ఏం జరుగుతుందో చెప్తాను. పిల్లలు అప్లై బటన్ నొక్కి నొక్కి అలిసిపోతారు. మేం మాత్రం చాలాసార్లు అప్లికేషన్ల దాకా వెళ్లనే వెళ్లం. రెజ్‌డెక్స్ అని రిక్రూటర్లకి ఒక డేటాబేస్ ఉంటుంది, అందులో టాలీ (అకౌంట్స్ రాసే సాఫ్ట్‌వేర్), జీఎస్‌టీ, హైదరాబాద్, ఫ్రెషర్ అని టైప్ చేసి వెతుకుతాం. ఈమధ్య లాగిన్ అయినవాళ్లే కనిపించేలా ఫిల్టర్ పెడతాం, ఎందుకంటే ఆరు నెలల కింద ప్రొఫైల్ పెట్టినవాళ్లకి ఫోన్ చేస్తే సగం మంది వేరే చోట చేరిపోయి ఉంటారు. కాబట్టి మీరు చేయాల్సిన పని, రెండు మూడు రోజులకోసారి లాగిన్ అయి ప్రొఫైల్‌లో ఏదో ఒక చిన్న మార్పు చేసి సేవ్ చేయడం. అంతే. దానికి డబ్బు అక్కర్లేదు. పైన వచ్చేలా చేస్తాం, రెజ్యూమె రాసిపెడతాం అని సైటులో పెయిడ్ సర్వీసులు ఉంటాయి, పదేళ్ల అనుభవం ఉన్నవాళ్ల సంగతి నేను మాట్లాడను గానీ ఫ్రెషర్‌కి మాత్రం అవి అనవసరం. ఆ డబ్బుతో ఒక జత ఫార్మల్ బట్టలు కొనుక్కోండి.

మా చెల్లి రెజ్యూమె మొదట చూసినప్పుడు పైన నాలుగు లైన్ల ఆబ్జెక్టివ్ ఉంది, సంస్థ అభివృద్ధికి నా నైపుణ్యాలను వినియోగిస్తూ అని సాగే రకం, నెట్ సెంటర్‌లో టైప్ చేయించిన ప్రతి రెజ్యూమెలోనూ అదే ఉంటుంది. అది తీసేసి, హెడ్‌లైన్‌లో బీకాం కంప్యూటర్స్, టాలీ ప్రైమ్, జీఎస్‌టీ రిటర్నులు, ఎక్సెల్ అని మాత్రమే పెట్టించాను. నరసరావుపేటలో సెలవుల్లో ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ దగ్గర కూర్చుని బిల్లులు ఎంట్రీ చేసిన అనుభవం తనకుంది, అది రెజ్యూమెలో లేనే లేదు! జీతం ఇవ్వలేదు కదా అక్కా, అది ఉద్యోగం ఎలా అవుతుంది అంది. అదే మొదటి లైన్ అవ్వాలి అన్నాను. ఆ ఒక్క లైన్ పెట్టాకే ఫోన్లు రావడం మొదలైంది. ఇంట్లో కిరాణా కొట్టు ఉండి లెక్కలు రాసినవాళ్లు, ఊళ్లో మీసేవలో పనిచేసినవాళ్లు, ట్యూషన్లు చెప్పినవాళ్లు, అవన్నీ రాయండి.

రెజ్యూమెలో రాయకూడనివి కూడా ఉన్నాయి. ఆధార్ నంబరు, పాన్ నంబరు, నాన్న పేరు, పుట్టినతేదీ, ఇంటి నంబరుతో సహా పూర్తి అడ్రసు, ఇవేవీ ఇంటర్వ్యూకి పిలవడానికి అవసరం లేదు. ఊరి పేరు, ఫోన్, మెయిల్ చాలు. ఉద్యోగాల కోసం ఒక కొత్త మెయిల్ ఐడీ తెరుచుకోండి, బ్యాంకుకి, యూపీఐకి ఇచ్చినది వాడకండి. ఆఫర్ ఖాయమయ్యాక గుర్తింపు కోసం ఆధార్ అడిగితే ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ సైటులో దొరికే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వొచ్చు, అందులో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి.

అప్నా 2019లో మొదలైన యాప్. టెలికాలర్, బ్యాక్ ఆఫీస్, ఫ్రంట్ డెస్క్, డెలివరీ, స్టోర్‌లో సేల్స్, అకౌంట్స్ అసిస్టెంట్ లాంటి ఉద్యోగాలకి ఇది సూటిగా ఉంటుంది. రెజ్యూమె లేకపోయినా ఫోన్ నంబరుతో మొదలుపెట్టి వివరాలు నింపితే చాలు, ఇంటికి దగ్గర్లో ఉన్నవి చూపిస్తుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్‌లో ఉండే అమ్మాయికి పటాన్‌చెరులో ఉద్యోగం వచ్చినా బస్సుల్లోనే ప్రాణం పోతుంది కాబట్టి దూరం చూసుకునే వీలు చిన్న విషయం కాదు. హెచ్ఆర్‌తో నేరుగా మాట్లాడే అవకాశం ఇందులో మంచి సంగతి. అదే జాగ్రత్తపడాల్సిన చోటు కూడా, ఏ యాప్ అయినా సరే అవతల మాట్లాడేది కంపెనీ మనిషా, మధ్యలో కన్సల్టెన్సీయా అని మొదటి నిమిషంలోనే అడగండి. ఏ కంపెనీకి, ఆఫీసు ఎక్కడ, జీతం చేతికెంత, ఈ మూడూ సూటిగా చెప్పనివాళ్లతో రెండో కాల్ అక్కర్లేదు. లింక్డ్‌ఇన్ గురించి పెద్దగా చెప్పను. ఐటీ, మార్కెటింగ్ వాళ్లకి బాగుంటుంది, అకౌంట్స్ ఫ్రెషర్‌కి ఒక శుభ్రమైన ప్రొఫైల్ పెట్టి వదిలేస్తే చాలు.

ఇప్పుడు అసలు విషయం. ఒక సాయంత్రం చెల్లి నాకు ఒక పీడీఎఫ్ పంపింది. సెలెక్ట్ అయ్యానక్కా, సోమవారం జాయినింగ్ అని కింద మెసేజ్. ఒక జాబ్ యాప్‌లో అప్లై చేస్తే వాట్సాప్‌లోకి వచ్చి ఇంటర్వ్యూ అంతా చాటింగ్‌లోనే చేశారట, ఐదు ప్రశ్నలు, అరగంటలో ఆఫర్ లెటర్. ఇంటి నుంచే పని, నెలకి 28,500. లెటర్ చూడ్డానికి ఘనంగా ఉంది, లోగో, స్టాంపు, సంతకం, కింద కంపెనీ సీఐఎన్, జీఎస్‌టీ నంబరు అన్నీ ఉన్నాయి. రెండో పేజీలో లాప్‌టాప్ కోసం 3,850 రూపాయలు, మొదటి జీతంతో వాపసు, ఇరవైనాలుగు గంటల్లో కట్టకపోతే సీటు వేరేవాళ్లకి వెళ్తుంది అని ఉంది.

చెల్లిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ లెటర్‌ని ఇద్దరం కలిసి చూశాం, ఇది ప్రతి ఫ్రెషర్‌కీ తెలియాలి కాబట్టి వివరంగా రాస్తున్నాను. సీఐఎన్ అంటే కంపెనీకి ప్రభుత్వం ఇచ్చే 21 అక్షరాల నంబరు. మొదటి అక్షరం ఎల్ అయితే షేర్ మార్కెట్‌లో ఉన్న కంపెనీ, యూ అయితే లేనిది. తర్వాత ఐదంకెలు ఏ రకం వ్యాపారమో చెప్తాయి, ఆ తర్వాత రెండు అక్షరాలు రాష్ట్రం, తర్వాత నాలుగంకెలు కంపెనీ పెట్టిన సంవత్సరం. ఈ లెటర్‌లో కంపెనీ మాదాపూర్‌లో 2019లో మొదలైంది అని రాసి ఉంది, సీఐఎన్‌లో మాత్రం మహారాష్ట్ర అక్షరాలు, 1996 సంవత్సరం. కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైటులో కంపెనీ వివరాలు చూసే చోట ఆ నంబరు కొడితే ఇంకేదో పేరున్న పాత కంపెనీ వచ్చింది, అది నిజమైన కంపెనీయే, వీళ్లు దాని నంబరు ఎత్తుకొచ్చారు. జీఎస్‌టీ నంబరు మొదటి రెండంకెలు కూడా రాష్ట్రాన్ని చెప్తాయి, తెలంగాణకి 36, ఆంధ్రప్రదేశ్‌కి 37. లెటర్‌లో 27 ఉంది, అది మహారాష్ట్ర. జీఎస్‌టీ సైటులో నంబరు వెతకడానికి లాగిన్ కూడా అక్కర్లేదు. మెయిల్ వచ్చింది జీమెయిల్ నుంచి. డబ్బు వేయమన్న యూపీఐ ఐడీ ఒక మనిషి పేరు మీద ఉంది. ఇవన్నీ చూడ్డానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. చెల్లి కళ్లనీళ్లు పెట్టుకుంది, ఎందుకంటే అప్పటికే అమ్మకి ఫోన్ చేసి చెప్పేసింది. మోసగాళ్లు ఆడుకునేది సరిగ్గా ఆ సంతోషంతోనే, నాకు వాళ్ల మీద కోపమంతా అందుకే.

పెద్ద కంపెనీల పేరుతో వచ్చినా ఇదే పద్ధతి. టీసీఎస్ లాంటి కంపెనీలు తమ సైటులోనే స్పష్టంగా రాసిపెట్టాయి, జీమెయిల్, యాహూ లాంటి ఐడీల నుంచి ఆఫర్లు పంపబోమని, అభ్యర్థుల దగ్గర డబ్బు అడగబోమని. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో గ్రౌండ్ స్టాఫ్, టెన్త్ పాసైతే చాలు అని వచ్చే ప్రకటనలు కూడా చాలా ఉంటాయి, ఎయిర్‌లైన్స్ సొంత సైటులో కెరీర్స్ పేజీలో ఆ పోస్టు లేకపోతే అది లేనట్టే.

ఇంట్లో కూర్చుని డేటా ఎంట్రీ అనే రకం ఒకటుంది, దీనికి ఆడపిల్లలు, గృహిణులు ఎక్కువగా దొరికిపోతున్నారు. మొదట డబ్బు అడగరు, ఒక అగ్రిమెంట్ మీద ఆన్‌లైన్‌లో సంతకం పెట్టిస్తారు, వందల పేజీలు టైప్ చేయిస్తారు, చివర్న తప్పులు ఎక్కువ ఉన్నాయి, అగ్రిమెంట్ ప్రకారం మీరే మాకు కట్టాలి అని లాయర్ నోటీసు పంపుతారు. భయపడి కట్టేవాళ్లు ఉన్నారు. నిజమైన కోర్టు సమన్లు వాట్సాప్‌లో గంటలో కట్టు అని బెదిరించవు. ఆ నోటీసుని దాచుకోకుండా ఇంట్లో పెద్దవాళ్లకి చూపించండి, పోలీసులకి చూపించండి.

టెలిగ్రామ్‌లో వీడియోలకి లైకులు కొట్టు, హోటళ్లకి రేటింగ్ ఇవ్వు, రోజుకి రెండు వేలు అనేది ఇంకో రకం. మొదటి రోజు నిజంగానే వంద, నూటయాభై వేస్తారు, తర్వాత ప్రీపెయిడ్ టాస్క్ అని మన డబ్బు పెట్టిస్తారు. 2023 జూలైలో హైదరాబాద్ పోలీసులు ఇలాంటి ముఠాని పట్టుకున్నప్పుడు తేలిన మొత్తం 712 కోట్లు. మోసపోయినవాళ్లలో చదువుకున్న ఉద్యోగులు కూడా ఉన్నారు. ఇంకా ప్రమాదం, జీతం వేయడానికని కొత్త బ్యాంకు అకౌంట్ తెరిపించి ఏటీఎం కార్డు, సిమ్ తీసుకోవడం. ఆ అకౌంట్‌లోకి వేరేవాళ్లని మోసం చేసిన డబ్బు వస్తుంది, కేసు మీ పేరు మీద ఉంటుంది. ఎంత దగ్గరివాళ్లు అడిగినా అకౌంట్ ఇవ్వకండి.

విదేశీ డేటా ఎంట్రీ ఉద్యోగాల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మన పిల్లలే నరకం చూశారు. 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కేసు గుర్తుందా? ఉద్యోగమని ఏజెంట్లు లక్షన్నర దాకా తీసుకుని కంబోడియా పంపారు, అక్కడ గదుల్లో పెట్టి మనవాళ్ల చేతే మనవాళ్లకి ఫోన్లు చేయించి సైబర్ మోసాలు చేయించారు, మాట వినకపోతే కొట్టారు. విదేశం వెళ్లాలనుకుంటే ఏజెంటుకి విదేశాంగ శాఖ లైసెన్సు ఉందో లేదో ఈమైగ్రేట్ సైటులో చూడండి. లైసెన్సు ఉన్న ఏజెంటు తీసుకోగలిగిన సర్వీస్ చార్జీ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్‌టీ, అంతకు మించి కాదు. విదేశీ ఉద్యోగాల కోసం తెలంగాణకి టామ్‌కామ్ అని ప్రభుత్వ సంస్థే ఉంది. టూరిస్ట్ వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకోవచ్చు అన్నవాడి గడప తొక్కకండి.

డబ్బు పోయిందని తెలిసిన క్షణం సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, లేదా సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాలి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బుని అవతలి అకౌంట్‌లో ఆపే అవకాశం అంత ఎక్కువ. సిగ్గుపడి రెండు రోజులు ఆలోచిస్తే అది పది అకౌంట్లు మారిపోతుంది. ట్రాన్సాక్షన్ నంబరు, స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకోండి, చాట్ డిలీట్ చేయకండి. డబ్బు పోకపోయినా అనుమానంగా ఉన్న కాల్, మెసేజ్‌ని సంచార్ సాథీ సైటులో చక్షు అనే చోట రిపోర్ట్ చేయొచ్చు.

అమీర్‌పేట మాటకి వద్దాం. మెట్రో దిగి మైత్రీవనం వైపు నడిస్తే చేతిలో కరపత్రాలు పెడుతూనే ఉంటారు. నేను అమీర్‌పేటని తిట్టే రకం కాదు. ఇక్కడ చాలా తక్కువ ఫీజుకి టాలీ, ఎక్సెల్, పైథాన్ చక్కగా చెప్పే మాస్టార్లు ఉన్నారు, డెమో క్లాసులు ఉచితంగా కూర్చోనిస్తారు, నచ్చకపోతే లేచి వచ్చేయొచ్చు. నేర్చుకోవడానికి ఫీజు కట్టడంలో తప్పు లేదు. తప్పు ఎక్కడంటే నూరు శాతం జాబ్ గ్యారంటీ అనే మాట దగ్గర. చెల్లి క్లాస్‌మేట్ ఒకబ్బాయి ఒక సంస్థలో ట్రైనింగ్ ప్లస్ ఉద్యోగం అని లక్ష పైనే కట్టాడు, వాళ్ల నాన్న పొలం మీద అప్పు తెచ్చి ఇచ్చాడు. రెండు నెలలు ఏదో ప్రాజెక్టు అని కూర్చోబెట్టారు, జీతం కూడా వేశారు, ఆ జీతం వాళ్లు కట్టిన డబ్బులోదే అని తర్వాత అర్థమైంది, ఒక రోజు వెళ్లేసరికి బోర్డు తిప్పేశారు. నేర్పడానికి ఎంత, ఉద్యోగానికి ఎంత అని విడివిడిగా అడగండి. రెండో దానికి ఏ అంకె చెప్పినా లేచి రండి. ఫీజు విడతలుగా కట్టండి, రసీదు లేకుండా నగదు ఇవ్వకండి.

కొన్ని చోట్ల ఫేక్ ఎక్స్‌పీరియన్స్ కూడా అమ్ముతారు, రెండేళ్ల అనుభవం, పే స్లిప్పులు, రిలీవింగ్ లెటర్ అన్నీ ప్యాకేజీ. హెచ్ఆర్‌గా చెప్తున్నాను, ఇది దొరుకుతుంది. నిజంగా పనిచేసుంటే యూఏఎన్ (ప్రతి ఉద్యోగికీ ఉండే పీఎఫ్ నంబరు) కింద పీఎఫ్ చరిత్రలో కంపెనీ పేరు, చేరిన తేదీ, మానేసిన తేదీ ఉండాలి, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో అదే అడుగుతాం. చేరిన ఆరు నెలలకి బయటపడి ఉద్యోగం పోయినవాళ్లని చూశాను, ఆ తర్వాత వాళ్లకి నిజం చెప్పినా ఎవరూ నమ్మరు.

ఇంటర్వ్యూ ప్రిపరేషన్‌కి వేల రూపాయల మాక్ ఇంటర్వ్యూ ప్యాకేజీలు వస్తున్నాయి. వాటి కంటే ఫోన్‌లో మీరే మాట్లాడి రికార్డు చేసుకుని వినడం ఎక్కువ పనిచేస్తుంది. చెల్లి తన సెల్ఫ్ ఇంట్రడక్షన్ మొదట బట్టీ పట్టింది, ఊరు, నాన్న ఏం చేస్తారు, హాబీలు అన్నీ గుక్క తిప్పుకోకుండా. విని తనే నవ్వేసింది. తర్వాత ఒక నిమిషంలోపు చెప్పేలా మార్చాం, చదువు, ట్యాక్స్ కన్సల్టెంట్ దగ్గర చేసిన పని, ఈ ఉద్యోగం ఎందుకు. ఆ తర్వాత అడిగేదంతా మధ్యలో చెప్పిన ఆ పని గురించే ఉంటుంది, అంటే ప్రశ్నలు ఎటు రావాలో కొంతవరకు మన చేతిలోనే ఉంటుంది.

అకౌంట్స్ పోస్టుకి నేను పక్కన కూర్చునే ఇంటర్వ్యూల్లో మా అకౌంట్స్ మేనేజర్ అడిగేవి ఇవి. అద్దె చెక్కు ఇచ్చాం, ఎంట్రీ రాయి. టాలీలో బ్యాంకు నుంచి క్యాష్ తీస్తే ఏ వోచర్? కాంట్రా, ఎఫ్4, ఇది తడుముకోకుండా రావాలి. పేమెంట్‌కి ఎఫ్5, రిసీట్‌కి ఎఫ్6, జర్నల్‌కి ఎఫ్7. నెలనెలా రిటర్న్ వేసే వ్యాపారికి అమ్మకాల వివరాలు ఇచ్చే జీఎస్‌టీఆర్ 1 తర్వాతి నెల 11లోపు, పన్ను కట్టే 3బీ 20లోపు. కొనుగోళ్ల మీద కట్టిన జీఎస్‌టీకి క్రెడిట్ తీసుకునే ముందు ఏం చూస్తావు అంటే 2బీ (మనకి అమ్మినవాళ్ల రిటర్నుల నుంచి వచ్చే స్టేట్‌మెంట్) పేరు చెప్పినవాళ్లు ఆ రోజు అక్కడే సగం గెలిచినట్టు. బ్యాంకు స్టేట్‌మెంట్‌కీ మన పుస్తకానికీ తేడా ఎందుకొస్తుంది అని కూడా తప్పకుండా అడుగుతారు. ఎక్సెల్‌లో వీలుకప్, పివట్ టేబుల్ చేసి చూపించమంటారు, చెప్పడం కాదు, చేయాలి. వాయిస్ ప్రాసెస్, అంటే కాల్ సెంటర్‌లో ఫోన్ మాట్లాడే ఉద్యోగం అయితే వేరు, అక్కడ ఇచ్చిన టాపిక్ మీద రెండు నిమిషాలు ఆగకుండా మాట్లాడగలిగితే చాలు, యాస గురించి టెన్షన్ పడొద్దు. తెలియనిది తెలియదనే చెప్పండి. ఈ పని ఎలా నేర్చుకున్నావు అని అడిగితే నిజంగా ఎలా నేర్చుకున్నారో చెప్పండి, తెలుగు మీడియంలో చదివి ఇంగ్లీషు మెల్లగా మాట్లాడే పిల్లలని మేం వదులుకోం, తప్పుడు జవాబు గట్టిగా చెప్పేవాళ్లనే వదులుకుంటాం.

ఇంటర్వ్యూకి వెళ్లే చోటు కూడా చూసుకోవాలి, ఆడపిల్లలైతే మరీ. ఆఫీసు వేళల్లో, ఆఫీసులోనే జరగాలి. హోటల్ గది, అపార్ట్‌మెంట్ ఫ్లాట్, సాయంత్రం ఏడు తర్వాత, ఇవేవీ ఒప్పుకోకండి. లొకేషన్ ఇంట్లో ఎవరికైనా షేర్ చేసి వెళ్లండి. ఆన్‌లైన్ ఇంటర్వ్యూ అని ఎనీడెస్క్ లాంటి, మన ఫోన్‌ని అవతలివాళ్లు నడిపే యాప్ వేయమంటే కాల్ కట్ చేయండి, వీడియో కాల్‌కి అది అక్కర్లేదు.

చెల్లికి చివరికి నౌక్రీలో వచ్చిన కాల్‌తోనే కూకట్‌పల్లిలో ఒక డిస్ట్రిబ్యూటర్ ఆఫీసులో అకౌంట్స్ అసిస్టెంట్‌గా వచ్చింది. ఆఫర్‌లో సీటీసీ, అంటే కంపెనీ మన మీద పెట్టే మొత్తం ఖర్చు, సంవత్సరానికి 2 లక్షల 40 వేలు. నెలకి ఇరవై వేలు అని బాబాయి లెక్కేసుకున్నారు, అలా రాదు. తన లెటర్‌లో నెల జీతం 18,000, అందులో బేసిక్ 12,000. పీఎఫ్ బేసిక్ మీద 12 శాతం 1,440, ఈఎస్‌ఐ 0.75 శాతం 135, ప్రొఫెషనల్ ట్యాక్స్ 150 పోగా చేతికి వచ్చేది 16,275. సీటీసీలో ఆ 18,000 పైన ఉన్న రెండు వేలు కంపెనీ తన వంతుగా కట్టే పీఎఫ్, ఈఎస్‌ఐ. జీతం 21,000 లోపు ఉన్నవాళ్లకి ఈఎస్‌ఐ ఉంటుంది, అమ్మానాన్నలు మీ మీదే ఆధారపడి ఉంటే వాళ్ల వైద్యం కూడా అందులో వస్తుంది, కాబట్టి అది కోత అని బాధపడొద్దు. పీఎఫ్ కోసి కట్టని యాజమాన్యాలు కూడా ఉంటాయి, అందుకని చేరిన రెండో నెలలో యూఏఎన్‌తో పాస్‌బుక్ తెరిచి డబ్బు పడిందో లేదో చూసుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు అడిగితే చూపించి వెనక్కి తెచ్చుకోండి, బాండ్ ఉంటే ఎన్నేళ్లు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో చదివాకే సంతకం పెట్టండి.

మార్కులు అడిగేవాళ్ల కోసం, బీకాం ఫ్రెషర్‌గా చూస్తే నౌక్రీకి ఐదుకి నాలుగు, అప్నాకి మూడున్నర. ఎన్‌సీఎస్‌కి ఉద్యోగాల వరకు మూడు, కెరీర్ ఎడ్జ్ కోర్సుకి మాత్రం నాలుగున్నర. అమీర్‌పేటకి మార్కులు మాస్టారిని బట్టి, సంస్థని బట్టి కాదు.